మంద్రానికొక ఆంప్లిఫయరు, తారానికొక ఆంప్లిఫయరు



ఈ పూట ప్రసంగం రాజుల గురించీ కాదు, శాసనాల గురించీ కాదు. మన ఇళ్ళల్లో పాటలు వినిపించే పెట్టెల గురించి. ఇంట్లో ఒక జత స్టీరియో స్పీకర్లు ఉన్నాయనుకోండి. వాటిని ఒక ఆంప్లిఫయరు నడుపుతోంది. ఇప్పుడు ఇంకొక ఆంప్లిఫయరు కొని, పెట్టెలోని పెద్ద స్పీకరుకు ఒకటీ, చిన్న స్పీకరుకు ఒకటీ తగిలిస్తే పాట ఇంకా బాగా వినిపిస్తుందా? ఈ పద్ధతికి బై-ఆంపింగ్ అని పేరు. "తప్పకుండా బాగుంటుంది, రెండోది కూడా తీసుకోండి" అని చెప్పే దుకాణదారులు ఉన్నారు. "అంతా బూటకం" అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. రెండోది కొనాలంటే ఓ మధ్యతరగతి సంసారానికి ఒకటి రెండు నెలల వెచ్చాల ఖర్చు. కాబట్టి ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు.

చరిత్ర ప్రసంగంలో దీనికేం పని అంటారేమో. ఉంది. బై-ఆంపింగ్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. ఒకటి నిజంగా మేలు చేసేది. రెండోది దాని పేరును మాత్రం అరువు తెచ్చుకున్నది. ఆ పేరు ఎక్కడ పుట్టి, ఎలా చేతులు మారి మన ముందుగదిలోకి వచ్చిందో తెలిస్తే జవాబు దానంతటదే తేలుతుంది.

ముందు ధ్వని సంగతి చూద్దాం. మనిషి చెవికి సెకనుకు సుమారు 20 ప్రకంపనల నుంచి 20 వేల ప్రకంపనల దాకా వినిపిస్తుందని మన పిల్లల సైన్సు పుస్తకాల్లోనే ఉంటుంది. డోలు మీద పడిన దెబ్బ కింది కొసన, సన్నాయి ఊదేటప్పటి జిలుగు పై కొసన. డోలు దెబ్బకు చాలా గాలిని కదిలించాలి. అంటే పెద్ద అట్ట, పెద్ద కదలిక కావాలి. సన్నాయి జిలుగుకు సెకనుకు వేలసార్లు కదలాలి. అంటే చాలా తేలికైన, చిన్న పొర కావాలి. దున్నపోతు చేత పిచ్చుక పని చేయించలేం, పిచ్చుక చేత దున్నించనూ లేం. ఒకే అట్టతో రెండు పనులూ చేయించాలని చూసిన ప్రతి తరానికీ ఈ చిక్కు ఎదురైంది.

మనుషులు తమ గొంతును పెంచుకునే యంత్రం సంపాదించి ఇంకా ఎంతో కాలం కాలేదు. మన బళ్ళారి రాఘవ రంగస్థలం ఎక్కిన తొలి రోజుల్లో మైకు అన్నమాటే లేదు. చివరి వరుసలో కూర్చున్న రైతుకు వినపడాలంటే నటుడి గుండెలోనే దమ్ముండాలి. అమెరికాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు 1915 క్రిస్మస్ ముందురోజున శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో పెద్ద జనసమూహానికి బూర స్పీకరుతో సంగీతం వినిపించారు. మాగ్నవాక్స్ కంపెనీ వాళ్ళదే. 1919లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ శాన్‌డియాగోలో సుమారు 50 వేల మందిని ఉద్దేశించి మాట్లాడింది కూడా ఈ కంపెనీ పరికరాలతోనే. ఆ తర్వాత 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్‌లు బూర అక్కరలేని అట్ట స్పీకరును వివరిస్తూ ఒక పత్రం ప్రకటించారు. అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, దానికి అతికించిన అట్ట. మీ ఇంటి రేడియో లోపల ఈ క్షణాన నా మాటను పలికిస్తున్నది కూడా ఆ వంశంలోదే.

మాట వినిపిస్తే చాలనుకున్నంత కాలం ఒక్క స్పీకరుతోనే గడిచిపోయింది. సినిమాకు మాట వచ్చాక ఆశ పెరిగింది. మన దేశంలో ఆలం ఆరా 1931 మార్చిలో, తెలుగులో భక్త ప్రహ్లాద 1932లో వచ్చాయి. అదే కాలంలో అమెరికాలో బెల్ ప్రయోగశాల వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో ఒక గొప్ప వాద్యబృందం వాయిస్తుంటే, ఆ సంగీతాన్ని తీగల మీద వాషింగ్టన్ నగరానికి పంపి, అక్కడి హాలులో మూడు వరుసల స్పీకర్ల ద్వారా వినిపించారు. బృందం మామూలు నిర్వాహకుడు స్టొకోవ్‌స్కీ ఫిలడెల్ఫియాలో కాక వాషింగ్టన్‌లో మీటల ముందు కూర్చున్నాడు. ఆ స్పీకర్లలో మంద్రానికి పెద్ద బూరలు వేరు, తారానికి చిన్న బూరలు వేరు.

ఈ పాఠాన్ని హాలీవుడ్ త్వరగానే అందుకుంది. ఎం.జి.ఎం. స్టూడియో ధ్వని విభాగానికి డగ్లస్ షేరర్ అధిపతి. ఆయన కింద జాన్ హిల్లియర్డ్, బయటి నుంచి జేమ్స్ లాన్సింగ్ మొదలైనవాళ్ళు కూడి సినిమా హాళ్ళ కోసం రెండు భాగాల స్పీకరు తయారు చేశారు. 1936 సంవత్సరపు అకాడమీ సాంకేతిక పురస్కారాల్లో దానికి గుర్తింపు వచ్చింది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. సౌండు ఇంజనీర్లు ఇప్పటికీ చెప్పుకునేదే. పాత రెండు భాగాల స్పీకర్లలో ఒక నర్తకి కాలి చెప్పుల టకటకలు వినిపిస్తే ఒక్కొక్క దెబ్బ రెండు దెబ్బలుగా వినిపించిందట. కారణం విచారిస్తే, మంద్రపు బూర పొడవుగా మడతలు తిరిగి ఉండడంతో అందులోని ధ్వని కొన్ని అడుగులు ఎక్కువ నడిచి, తారపు ధ్వని కంటే ఆలస్యంగా బయటికి వస్తోంది. బూరను కురచ చేసి, రెండింటి దూరాలూ సరిచేశాక ఆ జంట దెబ్బ పోయింది. ధ్వనిని రెండుగా చీల్చడం తేలిక, మళ్ళీ గాలిలో ఒకటిగా కలపడమే కష్టం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

మరి ధ్వనిని చీల్చేది ఎలా? అందుకు ఒక వడపోత కావాలి. దాన్నే క్రాస్ఓవర్ అంటారు. తీగచుట్ట మంద్రాన్ని పోనిచ్చి తారాన్ని ఆపుతుంది. కండెన్సరు తారాన్ని పోనిచ్చి మంద్రాన్ని ఆపుతుంది. పాత రేడియో మెకానిక్కులు ఎవరినడిగినా చెబుతారు. ఆ కాలపు సినిమా స్పీకర్లలో ఒక ఆంప్లిఫయరు మొత్తం ధ్వనిని పెంచి పంపితే, స్పీకరు దగ్గర ఉన్న వడపోత దాన్ని రెండుగా విడదీసేది. ఈనాటికీ మన ఇళ్ళల్లోని మామూలు రెండు స్పీకర్ల పెట్టెలో జరిగేది అదే. వెనక మూత విప్పితే రాగి తీగ చుట్టలు, కండెన్సర్లు ఉన్న చిన్న పలక కనిపిస్తుంది.

ఇక్కడే ఒకరికి కొత్త ఆలోచన వచ్చింది. వడపోత ఆంప్లిఫయరు తర్వాత ఎందుకుండాలి? ముందే పెట్టి, బలహీనంగా ఉన్న సంకేతాన్నే రెండుగా చీల్చి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క ఆంప్లిఫయరు ఇస్తే? అసలైన బై-ఆంపింగ్ ఇదే. 1950లలో అమెరికాలో ఇంట్లో సంగీతం వినే ఔత్సాహికులు దీన్ని పట్టుకున్నారు. హీత్‌కిట్ కంపెనీ విడిభాగాలుగా అమ్మి కొన్నవాళ్ళ చేతనే అతికించుకోమనే సామానులో ఎలక్ట్రానిక్ క్రాస్ఓవర్ కూడా ఉండేది. మారంట్జ్ కంపెనీ కూడా ఆ దశాబ్దం చివర్లో ఒకటి చేసింది.

ఎందుకంత తాపత్రయం అంటే, అప్పట్లో వాట్లు బంగారం లెక్క. 1947లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో విలియమ్‌సన్ అనే ఇంజనీరు ప్రకటించిన ఆంప్లిఫయరు ప్రపంచమంతా పేరు పొందింది. దాని సత్తా 15 వాట్లు మాత్రమే. ఇంతకు నాలుగింతల వాల్వు ఆంప్లిఫయరు కావాలంటే బరువూ వేడీ ధరా కొండెక్కేవి. అటువంటప్పుడు రెండు చిన్నవాటితో ఒక పెద్దదాని పని జరిగితే ఎవరు కాదంటారు?

ఆ లెక్క కొంచెం ఓపిగ్గా వినండి, కాగితం దగ్గరుంటే వేసుకోండి. 8 ఓముల స్పీకరు ఉంది. పాటలో ఒక క్షణాన మంద్రానికి 20 వోల్టుల శిఖరం కావాలి, తారానికి ఇంకో 20 వోల్టుల శిఖరం కావాలి. ఒక్క ఆంప్లిఫయరే రెండూ మోస్తే, రెండు శిఖరాలూ ఒకదాని మీద ఒకటి పడిన క్షణంలో అది 40 వోల్టులు ఇవ్వగలగాలి. 8 ఓముల మీద 20 వోల్టుల శిఖరం ఇవ్వగల ఆంప్లిఫయరు 25 వాట్లది. 40 వోల్టులు ఇవ్వాలంటే 100 వాట్లది కావాలి. వోల్టులు రెండింతలైతే వాట్లు నాలుగింతలు కదా. అదే, సంకేతాన్ని ముందే చీల్చి రెండు ఆంప్లిఫయర్లకు పంచితే ఒక్కొక్కదానికి 20 వోల్టులే పని. అంటే 25 వాట్లవి రెండు కలిసి 100 వాట్లదాని పని నెరవేర్చాయి. మంద్ర తారాలు సరిసమానంగా ఉన్నప్పటి లెక్క ఇది. నిజమైన పాటల్లో మంద్రానిదే పెద్ద వాటా, కాబట్టి లాభం ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా లాభం మాత్రం నిజం.

ఈ ఊపు ఎక్కువకాలం నిలవలేదు. 1958 ప్రాంతంలో స్టీరియో రికార్డులు బజారుకు వచ్చాయి. ఒక చెవికి ఒకటి చొప్పున రెండు స్పీకర్లు, రెండు ఆంప్లిఫయర్లు తప్పనిసరి అయ్యాయి. బై-ఆంపింగ్ కూడా కావాలంటే నాలుగు. ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? ఇళ్ళల్లో ఈ సరదా సన్నగిల్లింది. ట్రాన్సిస్టర్లు చౌకయ్యాక ఎక్కువ వాట్లు ఒకే పెట్టెలో దొరకసాగాయి.

ఇల్లు వదిలిన ఈ పద్ధతి మైదానాలకు, స్టూడియోలకు వెళ్ళి అక్కడ వేళ్ళూనింది. 1970లలో వేలమంది కూడే సంగీత సభలకు వేల వాట్లు కావలసి వచ్చాయి. అంత శక్తి తీగచుట్టల వడపోత గుండా పోతే అవి వేడెక్కి ధ్వనిని తినేస్తాయి. అందుకని సంకేతాన్ని ముందే చీల్చడం అక్కడ రివాజు అయింది. ఆ దశకంలోనే జె.బి.ఎల్. కంపెనీ రికార్డింగు స్టూడియోల కోసం చేసిన 4350 అనే పెద్ద స్పీకరును రెండు ఆంప్లిఫయర్లు, విడి క్రాస్ఓవరు లేకుండా వాడడానికే వీల్లేదు.

మనం రేడియో వాళ్ళం కాబట్టి బి.బి.సి. సంగతి కాస్త ఎక్కువగా చెప్పుకోవచ్చు. తమ స్టూడియోలలో ధ్వనిని పరీక్షించడానికి వాళ్ళు రెండు రకాల స్పీకర్లు వాడారు. ఒకటి ఎల్.ఎస్. 5/8 అనే పెద్దది. దీనికి క్వాడ్ కంపెనీ ఆంప్లిఫయరును మార్పు చేసి, క్రాస్ఓవరు అందులోనే పెట్టి, మంద్ర తారాలను వేరువేరుగా నడిపారు. రెండోది ఎల్.ఎస్. 3/5ఎ అనే బుల్లి పెట్టె. బయటి ప్రసారాల వ్యానుల్లో ఇరుకు చోట పెట్టుకోవడానికి చేసినది. దీనిలో వడపోత లోపలే ఉంది, ఒక ఆంప్లిఫయరు చాలు. తమాషా ఏమిటంటే, ఇళ్ళల్లో సంగీతం వినేవాళ్ళ ప్రేమను తరతరాలుగా గెలుచుకున్నది ఆ బుల్లి పెట్టే. చెవులు తెలిసిన ఒకే సంస్థ, ఒకే కాలంలో, అవసరాన్ని బట్టి రెండు దారులూ తొక్కింది. ఒక ఆంప్లిఫయరుతో నడిచేదంతా నాసి అనేవాళ్ళకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇక 1976. హ్యూలెట్ పాకార్డ్ కంపెనీలో పనిచేసే సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ అనే ఇంజనీరు ఒక పత్రం ప్రకటించాడు. వేర్వేరు చోట్ల బిగించిన రెండు స్పీకర్ల ధ్వనులు గాలిలో కలిసేటప్పుడు ఒకదాన్నొకటి ఎక్కడ బలపరుస్తాయి, ఎక్కడ చంపుకుంటాయి అన్నది లెక్క వేసి, అందుకు తగిన వడపోతను చూపించాడు. తన సహోద్యోగి రస్ రైలీ పేరు కూడా కలిసి ఆ వడపోతకు లింక్‌విట్జ్-రైలీ అని పేరు వచ్చింది. ఈనాడు సౌండు సర్వీసుల క్రాస్ఓవరు పెట్టెల మీద సాధారణంగా కనిపించే పేరు అదే. ఇందాక చెప్పిన జంట టకటకల కథ గుర్తుందా? అక్కడ బూరను కోసి సరిచేసిన పనిని, ఆంప్లిఫయరుకు ముందే ఎలక్ట్రానిక్ వలయంలో ఆలస్యం పెట్టి సరిచేయవచ్చు. చిన్న స్పీకరు గట్టిగా పలికేదైతే దాని భాగాన్ని ముందే తగ్గించవచ్చు. వూఫరుకూ ఆంప్లిఫయరుకూ మధ్య తీగచుట్ట అడ్డం ఉండదు కాబట్టి దాని కదలికల మీద ఆంప్లిఫయరుకు పట్టు ఎక్కువ. వాట్ల లెక్క కంటే కూడా అసలైన మేలు ఇదేనని నా అభిప్రాయం.

ఇంతవరకూ కథ సాఫీగానే ఉంది. చిక్కు 1980లలో మొదలైంది. ముఖ్యంగా బ్రిటిష్ కంపెనీల ఇంటి స్పీకర్ల వెనక రెండు మరలకు బదులు నాలుగు మరలు రాసాగాయి. పైన రెండు తారానికి, కింద రెండు మంద్రానికి. వాటిని కలుపుతూ రెండు ఇత్తడి పట్టీలు. పట్టీలు తీసేస్తే లోపలి వడపోత రెండు సగాలూ విడిపోతాయి. అప్పుడు రెండు జతల వైర్లు వేసుకోవచ్చు, కావాలంటే రెండు ఆంప్లిఫయర్లూ తగిలించవచ్చు. దీనికి కూడా బై-ఆంపింగ్ అనే పేరు పెట్టారు. స్టూడియోల్లో, సభల్లో మేలని తేలిన పేరు కదా, కొనేవాళ్ళకు నమ్మకం కుదిరింది.

కాని జాగ్రత్తగా చూడండి. ఇక్కడ వడపోత ఇంకా స్పీకరు పెట్టెలోనే, ఆంప్లిఫయరు తర్వాతనే ఉంది. రెండు ఆంప్లిఫయర్లకూ అందేది పూర్తి పాటే. మంద్రపు ఆంప్లిఫయరు తారాన్ని కూడా పెంచుతుంది, దాన్ని పెట్టెలోని తీగచుట్ట ఆపుతుంది. తారపు ఆంప్లిఫయరు డోలు దెబ్బను కూడా పెంచుతుంది, దాన్ని కండెన్సరు ఆపుతుంది. మన పాత లెక్కలో పెట్టి చూస్తే రెండింటికీ ఆ క్షణాన 40 వోల్టులే కావాలి. 25 వాట్లవి రెండూ 20 వోల్టుల దగ్గరే చేతులెత్తేస్తాయి. 100 వాట్ల మాయ ఇక్కడ జరగదు.

మనకు తెలిసిన కాలువ భాషలో చెప్పుకుందాం. తుంగభద్ర డ్యాము దగ్గర ఎగువ కాలువకు ఎంత, దిగువ కాలువకు ఎంత అని నీళ్ళు ముందే పంచేస్తే, ఒక్కొక్క కాలువ గట్టు దాని నీటికి తగ్గ ఎత్తు ఉంటే చాలు. అలా కాక రెండు కాలువల్లోనూ నీటిమట్టం పూర్తి ఎత్తున నిలబెట్టి, చివర పొలం దగ్గర తూములు మాత్రం చిన్నవి పెట్టామనుకోండి. పారే నీళ్ళు తక్కువే, గట్టు మాత్రం రెండింటికీ పూర్తి ఎత్తు ఉండాల్సిందే. వోల్టు అంటే మట్టం, కరెంటు అంటే పారే నీరు. ఈ రెండో రకం బై-ఆంపింగులో ఒక్కొక్క ఆంప్లిఫయరు పారించవలసిన కరెంటు తగ్గుతుంది, మట్టం తగ్గదు.

కరెంటు తగ్గడం వల్ల అసలు లాభమే లేదా అంటే, కొంచెం ఉంది. మీ స్పీకరు ఎక్కువ కరెంటు లాగే రకమై, ఆంప్లిఫయరు బక్కదైతే, బరువు పంచుకోవడం వల్ల గట్టిగా పెట్టినప్పుడు ఊరట ఉండవచ్చు. మామూలు ఇంట్లో, మామూలు మోతలో అది చెవికి తెలిసేంత ఉండదు. ఒకవేళ వాట్లు నిజంగా రెండింతలైనా దక్కేది 3 డెసిబెల్స్. ధ్వని రెండింతలు గట్టిగా ఉన్నట్టు అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి.

హోమ్ థియేటర్ రిసీవర్లు వచ్చాక ఈ మాట ఇంకా చౌకైపోయింది. ఏడు ఆంప్లిఫయర్లున్న రిసీవరు కొని ఐదు స్పీకర్లే పెట్టుకుంటే రెండు ఊరికే పడి ఉంటాయి. వాటిని ముందు స్పీకర్లకు మళ్ళించమని సెట్టింగుల్లో ఒక గీత ఉంటుంది, దాని పేరూ బై-ఆంప్. ఏడింటికీ లోపల ఉన్నది ఒకే పవర్ సప్లై. ఒకే బావిలో రెండు చేదలు వేసినంత మాత్రాన నీళ్ళు పెరగవు కదా. అయితే దీనికి కొత్తగా డబ్బు పెట్టనక్కరలేదు, కాబట్టి సరదా పడితే వేసి చూసుకోండి, తప్పు లేదు.

నా దగ్గర చదువుకున్న ఒకతను ఇప్పుడు పెళ్ళిళ్ళకూ వినాయక చవితి ఊరేగింపులకూ సౌండు సర్వీసు నడుపుతాడు. అతనొకసారి నన్ను నిలదీశాడు. "సార్, నా బాక్సుల్లో బేసుకు వేరే ఆంపు, ట్రిబులుకు వేరే ఆంపు. ఒకే ఆంపుతో నడిపినప్పటికీ ఇప్పటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. మరి ఇంట్లో ఎందుకు తేడా రాదంటారు?" నేను ఒకటే అడిగాను. "నీ క్రాస్ఓవరు ఎక్కడుంది నాయనా?" "మిక్సరుకూ ఆంపులకూ నడుమ ఉంది సార్." "ఇంట్లో స్పీకరుకు?" కాసేపు ఆలోచించి, "పెట్టె లోపలే కద సార్" అన్నాడు. అతనికి ఇక వేరే పాఠం అక్కర్లేకపోయింది. పనిచేసేవాడికి విషయం అందడం ఎప్పుడూ త్వరగానే ఉంటుంది.

అయినా, "నేను చెవులారా విన్నాను, తేడా ఉంది" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని నేననను. రెండు ఆంప్లిఫయర్లు వేర్వేరు రకాలైతే ఒకటి కొంచెం ఎక్కువ పెంచుతుంది, ఇంకొకటి తక్కువ. అప్పుడు తారమో మంద్రమో ఒక పిసరు పైకి వస్తుంది. మన చెవి ఏ కాస్త గట్టిగా ఉన్నదాన్నయినా "బాగుంది" అనే అనుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద మనసుకుండే మమకారం సరేసరి. తేల్చుకోవాలంటే రెండు ఏర్పాట్ల మోతా సమానంగా ఉండేటట్టు ముందు సరిచూడండి. తర్వాత మీరు గోడవైపు తిరిగి కూర్చుని, ఏది నడుస్తోందో చెప్పకుండా ఇంట్లో ఎవరినైనా మార్చమనండి. పదిహేను ఇరవై సార్లు చేసి, మీ జవాబులు కాగితం మీద రాసి పెట్టుకోండి. సగానికి అటూ ఇటూగా సరైతే బొమ్మా బొరుసూ వేసినట్టే లెక్క.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. రెండు ఆంప్లిఫయర్లు తగిలించేముందు స్పీకరు వెనక ఉన్న ఆ ఇత్తడి పట్టీలు తీసేయాలి. మరిచిపోతే రెండు ఆంప్లిఫయర్ల నోళ్ళూ ఒకదానికొకటి కలిసిపోయి, రెండూ కాలిపోయే ప్రమాదం ఉంది. పాట బాగుపడడం మాట అటుంచి, ఉన్నదీ పోతుంది.

అయితే ఉన్న డబ్బుతో ఏం చేయాలి? నన్నడిగితే ముందు ఖర్చు లేని పని చెబుతాను. 40 హెర్ట్జుల మంద్రధ్వని తరంగం పొడవు సుమారు 28 అడుగులు. మీ గది 14 అడుగులుంటే అందులో సరిగ్గా సగం. ఆ స్వరం దగ్గర గది మొత్తం బుంగలా మోగుతుంది, అదీ గదిలో ఒక చోట ఎక్కువగా, ఇంకో చోట తక్కువగా. మన ప్రాంతపు ఇళ్ళల్లో నాపరాతి నేల, సిమెంటు గోడలు. పైస్థాయి ధ్వని కూడా గోడ నుంచి గోడకు బంతిలా ఎగురుతుంది. స్పీకర్లను మూలల నుంచి రెండడుగులు ముందుకు జరపండి. కూర్చునే చోటు ఒక అడుగు మార్చి చూడండి. నేల మీద జంపకానా, కిటికీకి మందపాటి తెర వేయండి. రెండో ఆంప్లిఫయరు చేయలేని మార్పు ఈ సర్దుబాటుతో వస్తుంది. ఇంకా డబ్బు మిగిలితే మంచి స్పీకర్లకే పెట్టండి.

అసలైన బై-ఆంపింగ్ ఇళ్ళకు రానే రాదా అంటే, మనకు తెలియకుండానే వచ్చేసింది. సొంత ఆంప్లిఫయరుతో వచ్చే సబ్‌వూఫర్ చూశారు కదా. రిసీవరులో స్పీకర్లను చిన్నవని ఎంచి, 80 హెర్ట్జుల దగ్గర గీత పెడితే, ఆ కింది మంద్రం ముందే విడిపోయి సబ్‌వూఫర్‌కే పోతుంది. మిగతా స్పీకర్లకూ వాటి ఆంప్లిఫయర్లకూ ఆ బరువు తప్పుతుంది. వడపోత ముందు, ఆంప్లిఫయరు తర్వాత. 1950లలో ఔత్సాహికులు టంకం పెట్టి చేసుకున్న పనే ఇది. అలాగే రికార్డింగు కోసం అమ్మే చిన్న స్టూడియో స్పీకర్లలో చాలావాటికి పెట్టెలోపలే రెండు ఆంప్లిఫయర్లు, వాటికి ముందు క్రాస్ఓవరు ఉంటాయి. కరెంటు ప్లగ్గు స్పీకరుకే ఉంటుంది. ఆంప్లిఫయర్లు చిన్న చిప్పులుగా మారి చౌకవడం వల్ల ఇది సాధ్యపడింది. కాకపోతే కరెంటు ప్లగ్గు ఉన్న ప్రతి స్పీకరూ అలాంటిది కాదు. కొన్నిటిలో ఒకే ఆంప్లిఫయరు, మామూలు వడపోత ఉంటాయి. కొనేటప్పుడు వూఫరుకు ఎన్ని వాట్లు, ట్వీటరుకు ఎన్ని వాట్లు అని వేర్వేరుగా రాసి ఉందా చూడండి. లేకపోతే క్రాస్ఓవరు ఆంప్లిఫయరుకు ముందుందా, వెనకుందా అని దుకాణంలో అడగండి.

ఇప్పుడు ఈ ప్రసంగాన్ని మీడియం వేవులో వింటున్నవాళ్ళకు ఒక మాట. సెకనుకు 5 వేల ప్రకంపనల పైన అక్కడ దాదాపు ఏమీ రాదు. కనుక నా గొంతు వినడానికి మాత్రం ట్వీటరుకు ప్రత్యేకంగా ఆంప్లిఫయరు కొనకండి.